ఆ పాట అయిపోయేదాకా

పోయిన ఆదివారం పొద్దున మా ఆయన పేపరు చదువుతూ, ఊరి చివర ఏదో ఖాళీ గోడౌనులో అనుమతి లేకుండా పాటలు పెట్టి కుర్రకారు డాన్సు చేస్తుంటే చెక్క అటక కూలి కొందరికి కాళ్లూ చేతులూ విరిగాయన్న వార్తను నాకు వినబడేలా పైకి చదివారు. చదివాక కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, ఇలాంటివి నడిపేవాళ్లను బెయిలు ఇవ్వకుండా లోపల వెయ్యాలనీ, బయటికి దారి ఉందో లేదో చూసుకోకుండా పరాయివాళ్ల బిడ్డల్ని పోగు చేసే హక్కు వీళ్లకు ఎవరిచ్చారనీ అన్నారు. ఆ తర్వాత, పొంగలిలోకి గొత్సు ఇంకా ఉందా అని అడిగారు. ఉందన్నాను, తెచ్చి వడ్డించాను.

నా ఈడువాళ్లలో మద్రాసులో పెరిగినవాళ్లకు మధ్యాహ్నపు డాన్సుల సంగతి గుర్తుండే ఉంటుంది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల గడప లోపల ఉండాలన్నది చింతాద్రిపేటలో మా అమ్మ ఒక్కతే పెట్టిన నియమం కాదు, మా వీధి మొత్తానికీ అదే గడియారం. అందుకని ఊళ్లో డాన్సులన్నీ ఎండ మండిపోయే వేళ, రెండింటికి మొదలై అయిదింటికి ముగిసేవి. డబ్బున్నవాళ్ల పిల్లలు పెద్ద హోటళ్లలోకి వెళ్లేవారు, అక్కడ చల్లటి గాలి, రంగురంగుల లైట్లు, తలుపు దగ్గర యూనిఫారం వేసుకున్న మనిషి. మా బోటివాళ్లకు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట, ఎవరినీ అడగకుండా, కిటికీలకు గోనెపట్టాలు కొట్టి ఏర్పాటు చేసేవాళ్లు.

మాకు ఏర్పాటు చేసింది మా బావ. మా మేనమామకు అంబత్తూరులో ఒక చిన్న ఇంజనీరింగు షెడ్డు ఉండేది, బోల్టులు, పుల్లీలు తయారయ్యేవి. ఆదివారం పనివాళ్లకు సెలవు. మామయ్య ఒళ్లు తెలియకుండా నిద్రపోయే ఆ మధ్యాహ్నాల్లో, బావ లేతు మిషన్లను ఒక పక్కకు నెట్టించి టార్పాలిన్లు కప్పించి, నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లించి, ఖాళీ ఇనుప డ్రమ్ముల మీద స్పీకరు పెట్టెల్ని ఒకదానిమీద ఒకటి నిలబెట్టించేవాడు. కాలేజీ పిల్లలు నోటిమాటగా తెలుసుకుని వచ్చేవారు. బావకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. తెల్ల చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి, నవ్వుతూ అందరినీ లోపలికి పిలిచే తీరు చూస్తే ఆ షెడ్డే ఒక మహలు అనిపించేది.

నాతో పాటు వచ్చేది మా పిన్ని కూతురు, నాకంటే రెండేళ్లు చిన్నది, వాళ్లిల్లు తొండియార్‌పేటలో. మా ఇద్దరిలో అందగత్తె అదే. దాన్నే బావకు ఇవ్వాలని పెద్దవాళ్లలో అప్పటికే మాటలు సాగుతున్నాయి, దానికీ ఆ సంగతి తెలుసు, బావ పేరెత్తితే చెవులు ఎర్రబడేవి. నా చెవుల్ని ఎవరూ చూడలేదు గనక అవి ఏ రంగుకు తిరిగేవో ఎవరికీ తెలియదు. షార్ట్‌హ్యాండు పరీక్షకు స్పెషల్ క్లాసు ఉందని మా అమ్మకు చెప్పి, పుస్తకాలు చంకన పెట్టుకుని, ఇద్దరం బస్సెక్కేవాళ్లం.

ఆ వేసవిలో ఒక ఆదివారం షెడ్డుకు కరెంటు కోత పడింది. బావ ఎక్కడినుంచో ఒక డీజిలు జనరేటరు తెప్పించాడు. దాన్ని బయట పెడితే ఆ చప్పుడుకు పక్క షెడ్డు వాచ్‌మన్ వచ్చి గొడవ చేస్తాడని లోపలే, వెనక మూలన పెట్టించాడు. వెనక తలుపుకు అడ్డంగా తుక్కు ఇనుము గుట్టపోసి ఉంది. ఉన్న దారల్లా ముందరి షట్టరు ఒక్కటే. పిలవనివాళ్లు దూరిపోతున్నారని, పాటల చప్పుడు వీధిలోకి పోతోందని, దాన్నీ కిందిదాకా దించి లోపలివైపు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. తను చెప్పకుండా ఎవరికీ తియ్యొద్దన్నాడు. అంతమందిలో నన్ను నమ్మాడన్న గర్వంతో దాన్ని నా దావణీ కొంగున ముడేసుకున్నాను.

పైన రేకులు కాలిపోతున్నాయి. లోపల నిలబడడానికి చోటు లేదు. గంట గడిచేసరికి గాలి చిక్కబడి కళ్లు మండసాగాయి, ఒకరిద్దరు గోడలకు చేరగిలబడి కూర్చున్నారు. అదంతా సరదాలో భాగమే అనుకున్నాం. అప్పుడే బావ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. అంతవరకు ఆ షెడ్డుకు ఎన్నిసార్లు వచ్చినా అతను నాతో ఒక్క అడుగు వేసింది లేదు. ఆ పాట ఏదో ఇప్పుడు జ్ఞాపకం లేదు. నా నడుము మీద ఆనీ ఆనకుండా ఉన్న అతని చెయ్యి జ్ఞాపకం ఉంది.

పాట సగంలో చెల్లెలు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. దాని పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అక్కా, తల పగిలిపోతా ఉండాది, వాంతి వచ్చేట్టుంది. కొంచెం షట్టరు ఎత్తక్కా."

"ఈ పాట అయిపోనీ," అన్నాను.

అది మళ్లీ లాగింది. నేను చెయ్యి విదిలించుకున్నాను.

పాట అయిపోలేదు. జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లైట్లు పోయాయి, పాట పోయింది, ఆ చీకట్లో డీజిలు పొగ మాత్రం మిగిలింది. ఒక్క క్షణం అందరూ నవ్వారు. తర్వాత ఎవరో పొగ పొగ అని అరిచారు, అందరూ షట్టరువైపు పరిగెత్తారు. దాని తాళంచెవి నా కొంగున ఉందని నాకూ, బావకూ, చెల్లెలికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ తోపులాటలో నేను అక్కడికి చేరేసరికి ముందున్నవాళ్లు రేకుకు అతుక్కుపోయి గోళ్లతో గీరుతున్నారు. కొంగుముడి విప్పుకోవడానికి నా వేళ్లకు ఎంతసేపు పట్టిందో తెలియదు. వెనకాల డ్రమ్ములు దొర్లిన చప్పుడూ, పెట్టెలు కూలిన చప్పుడూ విన్నాను. షట్టరు పైకి లేచి ఎండ లోపలికి పడ్డప్పుడు, బయటపడే తొందరలో అందరూ తొక్కుకుంటూ పోయిన ఆ పొట్టునేల మీద, రెండు స్పీకరు పెట్టెల కింద మోకాలి దిగువన ఇరుక్కుపోయిన కాలితో చెల్లెలు పడి ఉంది. ఏడవడం లేదు. నన్నే చూస్తోంది.

దెబ్బలు తగిలింది అది ఒక్కతికే కాదు. ఒకడి భుజం ఎముక జారింది, ఒకమ్మాయి వేళ్లు షట్టరు సందులో నలిగాయి, ఒకతను స్పృహలేక పంపు దగ్గర పడుకుని అరగంటకు లేచాడు. పది నిమిషాల్లో అందరూ మాయమయ్యారు. ఆ సోమవారం మద్రాసులో ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు బస్సు మెట్ల మీంచి జారిపడ్డామని చెప్పారో తలుచుకుంటే నవ్వు కూడా వస్తుంది.

చెల్లెల్ని మామయ్య కారులో వెనక సీటులో పడుకోబెట్టాం. ఆస్పత్రి దగ్గరే ఉందన్నాను. బావ స్టీరింగు మీద తల ఆనించాడు. తర్వాత, ఆస్పత్రివాళ్లు పోలీసుకు రాస్తారనీ, పోలీసు షెడ్డుకు వస్తాడనీ, నాన్న తనను చంపేస్తాడనీ చెప్పి ఏడ్చాడు. నేను వెనక్కి తిరిగి చెల్లెలితో అన్నమాట ఇది:

"మెట్ల మీద పడినానని చెప్పు. నిజం చెప్పబాకమ్మా, బావ జైలుకు పోతాడు."

అది కళ్లు మూసుకుని సరేనని తల ఊపింది.

ఎముకలు కట్టే పెద్దాయన ఒకరి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన గురించి మా కుటుంబంలో తర్వాత చాలా అన్యాయంగా మాట్లాడారు కనుక ఇక్కడ రాస్తున్నాను, ఆయన మంచివాడు. కాలు తాకి చూశాడు, బొటనవేలి గోరు నొక్కి రంగు తిరిగి వస్తుందేమో అని చూశాడు, ముఖం మాడ్చుకున్నాడు.

"మెట్ల మీద పడితే ఇట్ట కాదు పాపా. ఏదో బరువు పడుండాది. ఏం పడిందో చెప్తే, నేను కట్టేదా, పెద్దాస్పత్రికి పంపేదా చూస్తా."

నన్నే అడిగాడు, ఎందుకంటే ముగ్గురిలో నిబ్బరంగా కనబడింది నేనే. నేను బావ ముఖం చూశాను. మెట్లే అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి మెట్లే అన్నాను. కట్టు కట్టాడు, రేపు పొద్దునకు వాపు తగ్గకపోతే ఒక్క క్షణం ఆగొద్దని చెప్పి పంపాడు.

వాపు తగ్గలేదు. నొప్పి నొప్పి అని మూలిగితే, సుకుమారం ఎక్కువైందని పిన్ని కసిరిందట. పాపం పిన్నికేం తెలుసు, మెట్ల మీద పడ్డ పిల్ల అంత ఏడుస్తుందా అనుకుంది. సోమవారం నేను చూడబోయాను. కట్టు అంచున వేళ్లు నీలంగా ఉన్నాయి. పిన్నికి చెప్పాల్సిన మాట నా నాలిక చివరిదాకా వచ్చింది, కాఫీతో పాటు మింగాను. బుధవారం పొద్దున వేళ్లు నల్లబడితే అప్పుడు ప్రభుత్వాస్పత్రికి తీసుకుపోయారు. ఆదివారమే తెచ్చుంటే కాలు దక్కేదని డాక్టరు పిన్నితో చెప్పాడు. మోకాలి కిందనుంచి తీసేశారు. ఎలా జరిగిందని ఆయన అడిగితే, మత్తు పూర్తిగా దిగకముందు కూడా, మెట్లు అనే చెప్పింది చెల్లెలు.

తర్వాతి కథ చెప్పడం తేలిక. అత్తయ్య, పిల్ల బంగారమే గానీ, అంది. ఆ గానీ తర్వాత ఏమీ అనలేదు, ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కముందే బావతో నా పెళ్లయింది. చెల్లెలు చంకకర్రతో వచ్చి పొద్దుటినుంచి కూర్చుని నా జడకు పూలు కుట్టింది. అదే బావ, ఆదివారం పూట పేపరు పైకి చదివే మా ఆయన.

చెల్లెలు పెళ్లి చేసుకోలేదు. కొయ్యకాలు పెట్టించుకుని టీచరు ట్రైనింగు చదివి, ముప్పై ఏళ్లకు పైగా తొండియార్‌పేటలోనే తెలుగు చెప్పింది. రోజంతా నల్లబల్ల దగ్గర నిలబడే ఆ పంతులమ్మంటే పిల్లలకు హడలట. సెలవుల్లో ఒక్కతే రైలెక్కి కాశీకి పోయింది, కేదారం పోయింది. నేను ఎక్కడికీ పోలేదు.

పిన్ని పోయిన పదకొండో రోజున వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. అది గిన్నెలు కడుగుతోంది, నేను తుడుస్తున్నాను. ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా చెప్పేద్దామని, తాళంచెవి దగ్గర మొదలుపెట్టాను. అది నన్ను ముగించనివ్వలేదు.

"నాకు అంతా జ్ఞాపకం ఉండాదిలే అక్కా. నీ చెయ్యి పట్టి లాగినాను గదా."

"మరి డాక్టరుకి ఎందుకు చెప్పలేదే?"

"బావ నన్ను చేసుకుంటాడు, అప్పుడు అందరం నవ్వుకుంటా చెప్పుకుందాం అనుకున్న్యా." కుళాయి కట్టేసింది. "ఇప్పుడు నువ్వు ఏడిస్తే నేనే ఓదార్చాల. నా వల్ల కాదు. ఆ గుండిగ ఇట్ట ఇయ్యి."

ఇచ్చాను. దాన్ని కడిగి బోర్లించింది. ఆ విషయం మేము మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ చోట అద్దాల మేడ లేచింది. మేం బస్సు ఎక్కిన వీధిలో మెట్రో పరిగెడుతోంది. ఆడపిల్లలు పొద్దుపోయాక ఎక్కడికి వెళ్తున్నారో చెప్పే వెళ్తున్నారు, చెప్పకుండా వెళ్లినా ప్రాణం మీదికి వస్తే చెబుతున్నారు. మొన్నామధ్య మా మనవరాలు స్నేహితులతో ఎక్కడో డాన్సుకు వెళ్లి జారిపడింది. నేను పక్కనే ఉండగా మా అమ్మాయికి ఫోను వచ్చింది. "అమ్మా, డాన్సులో పడిపోయినాను, కాలు వాచింది, శీఘ్రం రా." మా అమ్మాయి తిడుతూనే చెప్పులు వేసుకుంది, తిడుతూనే కారు తీసింది, గంటలో ఎక్స్‌రే అయిపోయింది. బెణుకు, అంతే. ఆ పిల్ల భయపడలేదు, దాచలేదు, ఎవరి పరువుకోసమూ పళ్లు బిగించుకోలేదు. నాకు సంతోషం కలిగిందని రాయాలనే ఉంది. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆ నాలుగు ముక్కల్నే నోట్లో మళ్లీ మళ్లీ అనుకుని చూశాను. ఎంత తేలికైన మాటలు. ఆ కాలంలో మా ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలం ఎన్ని పద్యాలు, ఎన్ని పాటలు, ఎన్ని శ్లోకాలు నేర్చామో, ఇది మాత్రం మాకు ఎవరూ నేర్పలేదు.