స్కోపులో జిగురు

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ మీటరమ్మ అంటారు. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా థర్మామీటరు బదులు కరెంటు కొలిచే మల్టీమీటరు అందుకునే రకమని ఆడపడుచు వేళాకోళానికి పెట్టిన పేరు అది. పెళ్లయిన కొత్తలో మొగుడి రిపేరు షాపులో సామాన్లు అందిస్తూ పని నేర్చుకుంది. ఆయనకు చూపు మందగించాక సోల్డరింగ్ ఐరన్ పూర్తిగా ఆవిడ చేతికే వచ్చింది. ఆయన పక్కన కూర్చుని చెప్తుంటాడు. ఆవిడ విన్నట్టే విని తనకు తోచింది చేస్తుంటుంది.

షాపు పై అరలో గుడ్డ కప్పిన పాత ఆసిలోస్కోపు ఒకటి ఉండేది. కరెంటు హెచ్చుతగ్గుల్ని గాజు తెర మీద పచ్చటి గీతగా చూపించే పెట్టె. ఆయనా ఆయన తమ్ముడూ వయసులో ఉండగా కలిసి కొన్నారు, దాని మీదే పని నేర్చుకున్నారు. ఒకసారి తమ్ముడు తన షాపులో అవసరమని పట్టుకెళ్లి, తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్విచ్ వేస్తే తెర వెలగలేదు.

"కింద పడేశావు" అన్నాడు అన్న.

"ఒట్టు అన్నయ్యా, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాను."

"పసిపిల్లయితే ఏడవాలి కదా! ఇదేంటి, ఉలుకూ పలుకూ లేదు?"

అన్నకి ముక్కు మీదే కోపం, తమ్ముడికి రోషం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. తమ్ముడు ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. రెండు వీధుల అవతలే షాపు, అయినా ఎదురుపడితే ఎడమొహం పెడమొహం. ఒకసారి తెరిచి చూద్దామని మీటరమ్మ ఎన్నిసార్లు అన్నా, "వాడు ఒప్పుకున్నాక చూద్దాంలే" అని ఆయన మాట దాటేసేవాడు.

ఏళ్లు గడిచాయి. ఈమధ్య అర చెక్క వంగిపోయి సామాన్లన్నీ దించాల్సొచ్చింది. స్కోపును చూసి ఆయన, "దాన్ని పాత సామాన్లవాడికి పడెయ్" అన్నాడు.

"పడేసే ముందు తెరిచి చూస్తాను."

"చచ్చినదాన్ని కోసి ఏం లాభం?"

"ఎందుకు చచ్చిందో తెలుస్తుంది" అని ఆవిడ స్క్రూలు విప్పేసింది.

లోపల పగులు లేదు, సొట్ట లేదు. కరెంటు వచ్చే బోర్డు మీద మాత్రం, పెద్ద కెపాసిటర్ల మొదళ్ల దగ్గర మాడిన పంచదార పాకంలా ఏదో ముదురు గోధుమరంగులో గడ్డకట్టి ఉంది. ఎవరో టీ ఒలకబోశారేమో అనుకుంది ముందు. గోరుతో గీరితే అర్థమైంది, అది జిగురు. కెపాసిటర్లు కదలకుండా ఫ్యాక్టరీలోనే వేసి ఉంటారు. కొత్తలో మీగడ రంగులో ఉండి ఎవరి జోలికీ పోదు. ఏళ్ల తరబడి వేడికి మాడి, చెమ్మ పీల్చిందంటే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది, తనలోంచి కరెంటునీ పోనిస్తుంది. మీటరు రెండు కొసలూ ఆ గడ్డలో గుచ్చింది. కదలకూడని ముల్లు కదిలింది. ఒక పెచ్చు ఊడదీస్తే దానితోపాటు రెసిస్టరు కాలు తెగి వచ్చింది, వెంట్రుకంత సన్నగా, ఆకుపచ్చగా చిలుము పట్టి. కింద రాగి దారి కూడా తినేసి ఉంది.

ఆవిడ మొగుణ్ణి పిలిచి భూతద్దం చేతికిచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు.

"అయితే వాడు..." అని ఆగిపోయాడు.

"కింద పడితే రాగి కరిగిపోతుందా అండీ?"

"ముందు బాగుచెయ్యి. వెలిగితే నేనే వెళ్లి వాడితో మాట్లాడతాను."

ఆవిడ వెంటనే పనిలోకి దిగింది.

వేడిగాలితో జిగురును మెత్తబరిచి, చెక్కిన వెదురుపుల్లతో గీకింది. ఇనుముతో గీకితే ఉన్న రాగి కూడా పోతుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మళ్లీ గీకి, మళ్లీ తుడిచింది. రవ్వంత మిగిలినా తినడం ఆగదు. చిలుము పట్టినచోటల్లా రాగి మెరిసేదాకా రుద్ది, తెగిన దారికి సన్నటి తీగతో వంతెన వేసింది. కొత్త కెపాసిటర్లు, రెసిస్టరు దొరికాయి. జిగురు కాళ్లు తినేసిన ట్రాన్సిస్టరుకు బదులు మాత్రం ఎక్కడా దొరకలేదు. అలాంటి పాతవి దాచుకునే మనిషి ఒక్కడే.

ఆవిడ వెళ్లేసరికి మరిది తన షాపులో ఫ్యాను విప్పుతున్నాడు. వదినను చూసి గబుక్కున లేచాడు. ఆవిడ కావలసిన ట్రాన్సిస్టరు నంబరు చెప్పింది.

"దేనికి వదినా ఈ ట్రాన్సిస్టరు?"

"స్కోపుకి."

అతని మొహం ముడుచుకుంది. ఆవిడ ఆ ఆకుపచ్చ కాలున్న రెసిస్టరును అతని అరచేతిలో పెట్టి, జిగురు సంగతి చెప్పింది.

"అన్నయ్య చూశాడా?"

"భూతద్దం పెట్టి మరీ చూశారు."

"ఏమన్నాడు?"

"'అయితే వాడు' అని ఆగిపోయారు. మీ అన్నయ్య మాట మధ్యలో ఆపడం నువ్వెప్పుడైనా చూశావా?"

అతను పకపకా నవ్వాడు. నవ్వుతూనే భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. డబ్బా బోర్లించి ట్రాన్సిస్టరు వెతికి తీసి, షట్టరు దించేసి, "పద వదినా" అన్నాడు.

ఇద్దరూ షాపులో అడుగుపెట్టగానే అన్న తల ఎత్తి చూశాడు. "వచ్చావా" అన్నాడు. తమ్ముడు స్టూలు లాక్కున్నాడు. ఆవిడ ట్రాన్సిస్టరు అతికించి, కరెంటును సీరీస్ బల్బు గుండా ఇచ్చింది. లోపల ఇంకా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి ఆ భారం తాను మోస్తుంది, పెట్టె కాలదు. స్విచ్ వేయగానే బల్బు భగ్గుమంది. మెల్లగా అది మసకబారింది, అంటే షార్టు లేదు. తెర ఇంకా నల్లగానే ఉంది. తర్వాత, ఎవరో లోపలినుంచి గీసినట్టు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పచ్చటి గీత.

"నీ తప్పేం లేదురా" అన్నాడు అన్న, తెర వైపే చూస్తూ. "నోరు జారాను."

"నేను మాత్రం తక్కువ తిన్నానా? గుమ్మం తొక్కనని శపథాలు చేశాను."

మీటరమ్మ ఐరన్ స్టాండులో పెట్టి గోడకి చేరగిలబడింది. ఇన్నేళ్లూ గుండెల మీదున్న కుంపటి దిగిపోయింది. కళ్లు మూసుకుంటే అన్నదమ్ముల మాటలు హాయిగా వినిపిస్తున్నాయి.

"గీత కాస్త ఎడమకి వాలింది చూడు."

"వాలలేదన్నయ్యా, నువ్వే తల వంచి చూస్తున్నావు."

"నా కళ్లు పోయాయంటావా?"

"నేనేం అన్నాను? ఆ నాబు నన్ను తిప్పనివ్వు."