బూడిదలో పచ్చజొన్న

మా అత్తమ్మ పోయిన కబురు నాకు హాలియాలో, పుట్టింట్లో ఉండగా అందింది. కబురు తెచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా, "మీ అత్త పాణం ఇడిసిందమ్మా, జల్ది నడువు" అన్నాడు. బస్సెక్కాక నాకు ఏడుపుకంటే ముందు భయం వచ్చింది. వానలు దగ్గర పడ్డాయి. అటక మీద ఆమె కుండ ఉందో లేదో!

ఆ కుండ సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను వరి అన్నం తిని పెరిగినదాన్ని. నార్కట్‌పల్లి దగ్గరి మెట్ట ఊరికి కోడలిగా వచ్చేసరికే ఆ ఇంట్లో తల్లీకొడుకులకు పడటం లేదు. సర్కారు వాళ్లిచ్చిన హైబ్రిడ్ జొన్న మా మెట్టచేను, ఆ చెల్కంతా వేద్దామని మా ఆయన. తాతలనాటి పచ్చజొన్నకు ఒక మూల వదలమని అత్తమ్మ.

"కడుపు నిండుతది కొడుకా, నేను కాదంటున్ననా? ఒంటికి పట్టాలె గద!"

"జొన్నంటే జొన్ననే అమ్మా. గ్రామసేవక్ గూడ గదే చెప్పిండు. నీ తాన ఇత్తనం ఉన్నన్నొద్దులు గా మూల నీది. అయిపోయిననాడు మొత్తం నాది."

సరిగ్గా అప్పుడే నేను పుణ్యం కట్టుకున్నాను. అటక మీద, మూతికి మన్ను మెత్తిన కుండ కనబడింది. లోపల బూడిద కలిసిన జొన్నలు. ఎవరింత మురికి చేశారా అనుకుని కడిగి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, రొట్టెలు చేశాను. కోడలు పనిమంతురాలని పేరొస్తుందని నా ఆశ.

మా ఆయన ముందుగా తిన్నాడు. "గింత కమ్మగున్నయేంది?" అన్నాడు. అత్తమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. అటక వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇత్తనమా?" అన్నాడాయన.

"నేనే తియ్యమన్న. తిను" అంది అత్తమ్మ.

"అయితే మాట మాటే. చెల్కంత నాది."

వంటింట్లో అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఏడ్వకు బిడ్డా. బూడిద మురికి గాదు, పురుగు ముట్టకుంట గింజకు దుప్పటి" అంది. తిట్టినా బాగుండేది.

ఆ విత్తనం కోసం మూడు రోజులు ఊరూరా తిరిగింది. ఎక్కడ చూసినా కొత్త గింజే. నాలుగో రోజు ఆమె కళ్లు మా చూరు మీద పడ్డాయి. తొలి కోతలో ఒక కంకుల కుచ్చును పిచ్చుకలకని చూరుకు కట్టడం మా దగ్గర ఆనవాయితీ. నిరుటి పచ్చజొన్న కుచ్చును అవి ముప్పావు వంతు తినేశాయి. అత్తమ్మ పీట వేసుకుని, "మీ నోటికాడిది గుంజుకుంటున్న, ఏమనుకోకుండ్రి" అంటూ మిగిలినవి దూసుకుంది. దోసెడు గింజలు. బావి గట్టున నాలుగు సాళ్లు వేసింది. మా ఆయన చూసి, ఆ సాళ్లు వదిలేసి నాగలి పక్కకు తిప్పుకున్నాడు. పైయేటికి కుండ మళ్లీ నిండింది, మూల మళ్లీ ఆమెదైంది.

తల్లీకొడుకుల్లో ఎవరి మాట నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. హైబ్రిడ్ వచ్చాక మా ఇంట్లో ఎండాకాలం ఎవరూ పస్తులుండలేదు, ఆ మాట దాచను. కాన్పయ్యాక లేవలేని నన్ను ఆమె పచ్చజొన్న అంబలి పోసి లేపి కూర్చోబెట్టింది, అదీ దాచను. ఆ సత్తువ గింజదో, ఆమె చేతిదో ఎవరు తేల్చగలరు? నా మటుకు ఆ రెంటికీ రుణపడ్డాను.

దినాలైన వారానికి తొలకరి పడింది. మా ఆయన కొత్త విత్తనాల సంచి విప్పుతూ, నా మొహం చూడకుండా అడిగాడు.

"అమ్మ మూల... ఉంచాల్నా?"

నేను అటకెక్కి కుండ దించి, మన్ను పగలగొట్టి రెండు చేతులూ లోపల పెట్టాను. మోచేతుల దాకా బూడిద అంటుకుంది. ఈసారి కడుక్కోలేదు. దోసిట్లో గింజలతో అలాగే చెల్క దాకా నడిచాను.