పదిహేడు వంపుల పైపు

ఓవర్సీరు పరీక్ష ప్యాసై మైసూరు సర్కారు కొలువులో పావగడ తాలూకాకు వచ్చేనాటికి, నీళ్ల గురించి నాకు తెలియనిది లేదు. అందుకే కాబోలు, నీళ్లు లేని తాలూకాకు పంపారు.

హొసకోట దగ్గర ఒక పల్లెకు పైపు వేయించడం నా మొదటి పని. గుట్ట మీద రాతితొట్టి కట్టారు. ఆయిలింజను గుట్ట కింద తవ్విన కొత్తబావి నీళ్లను అందులోకి ఎక్కిస్తే, అక్కణ్ణుంచి అవి పైపులో వాటంతటవే ఊళ్లోకి దిగాలి. గుట్ట దిగాక పైపు రెండుగా చీలుతుంది, కొళాయిలు రెండు. ఒకటి మిట్ట మీద పటేలు ఇంటిముందు. రెండోది పల్లంలో, ఊరిబావి దగ్గరికి రానివ్వనివాళ్ల గేరిలో, అంటే వాళ్ల వాడలో. రెండోది సర్కారు ఉత్తర్వు, మొదటిది పటేలు ఉత్తర్వు.

లెక్క కట్టాను. తొట్టికీ పటేలు వాకిలికీ ఎత్తులో తేడా పదిహేనడుగులు. పైపు పొడుగునా రాపిడికి పన్నెండడుగుల ఒత్తిడి పోతుంది. ఇంకా మూడడుగులు మిగులు! బిందె నిండడానికి అది చాలని పటేలుకు మాటిచ్చాను.

కాగితం మీద నా పైపు తిన్నగా ఉంది. నేల మీద పటేలు చెనిక్కాయల చేను అడ్డమొచ్చింది.

"నా చేన్లో తవ్వితే ఒప్పుకోను. గట్టెంబడి తిప్పు" అన్నాడాయన.

"వంపులెక్కువవుతాయండీ."

"అయితే ఏంది ఓవర్సీరప్పా? వంపు తిరిగితే నీళ్లకు కాళ్లు నొస్తాయా?"

చేను తర్వాత ఆయన బావమరిది గడ్డివామి దొడ్డి, ఆ తర్వాత పెదనాయన సమాధి. మర్యాదకొక వంపు చొప్పున మొత్తం పదిహేడు తేలాయి. పైగా నీళ్లు తన చెప్పుచేతల్లో ఉండాలని వాకిట్లో రెండు వాల్వులు పెట్టించుకున్నాడు. వంపుల దగ్గరా వాల్వుల దగ్గరా పోయే ఒత్తిడిని మా పుస్తకం 'చిన్న నష్టాలు' అంది. పుస్తకమే చిన్నవన్నాక, చిన్న ఉద్యోగిని, నేనెందుకు లెక్కపెట్టాలి? నిజం చెప్పాలంటే, లెక్క తప్పుతుందన్న భయం కంటే పటేలు భయమే నాకు ఎక్కువ.

ప్రారంభానికి తాలూకా అధికారి అమల్దారు వచ్చి కొళాయికి పూలమాల వేశారు. పటేలు తిప్పాడు. కొళాయి ఒక నిట్టూర్పు విడిచి, దారంలాంటి ధార వదిలింది. చెంబు నిండేలోపు మాల వాడిపోయింది. అంతలో పల్లంలోంచి కేక వినిపించింది:

"రాండప్పో! ఈడ గంగమ్మ దూకుతుండాది!"

"లెక్క ఎవరు కట్టినారు?" అన్నారు అమల్దారు. నేను నా బూట్లవైపు చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం చావడిలో కూర్చుని మళ్లీ లెక్క వేశాను. వంపులూ వాల్వులూ చుట్టుదారీ కలిసి నా మూడడుగులూ మింగి, ఇంకో పిడికెడు అప్పు చూపించాయి. ఆ కాగితం పట్టుకెళ్తే పటేలు తిరగేసి చూసి, "అక్షరాలు బాగుండాయి" అన్నాడు.

ఎండాకాలంలో ఊరిబావి ఎండింది. మిట్టమీది ఆడవాళ్లకు పల్లపు కొళాయే దిక్కయింది. పురోహితుడు ధర్మసూక్ష్మం కనిపెట్టాడు: ఇనుపగొట్టంలో వచ్చే నీళ్లకు మైల ఉండదట! దాహానికి శాస్త్రం భలే తొందరగా దొరుకుతుంది.

మొదటిరోజు పటేలు భార్య నేరుగా కొళాయి కిందికే బిందె తోసింది. ఆ గేరి ముసలమ్మ బిందెను మెల్లగా పక్కకు జరిపింది.

"వరసుండాది తల్లీ. ఎనక నిలబడు."

ఆమె నిలబడింది. ఆ సంగతి ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. మర్నాడు పొద్దున్నే పటేలు తన కూలీలతోనే చేను మధ్య తవ్వించాడు. పెదనాయన సమాధికి నాలుగడుగుల దూరంలోనే పైపును పోనిచ్చాడు. పదిహేడు వంపులు ఐదయ్యాయి, వాల్వులు పోయాయి. మిట్టమీద వేలెడు లావు ధార వచ్చింది. పైఅధికారులకు 'స్వల్ప మరమ్మతు' అని రాసి పంపాను.

పైన నీళ్లు పెరిగితే కింద కొంచెం తగ్గుతాయి. ఆ మాట ముసలమ్మకు నేనే చెప్పాలని వెళ్లాను.

"తగ్గితే తగ్గనీ సామీ" అంది. "ఆయమ్మ మల్ల ఈడికి రాదంటావా? వరసలో నిలబడి చెప్తా చెప్తా కూతురి కాన్పు కత సగంలో ఆపేసి పొయినాది."