నల్లగొంతు లేని నలభై పిట్టలు

“నలభై ఊరపిచ్చుకలు!” అంటూ పద్మలత మేడం నోట్‌బుక్కు తెరవగానే రాయమల్లు చేతికర్ర అడ్డం పెట్టాడు.

“రాయకు బిడ్డా. అవి పిచ్చుకలు గావు, గిజిగాళ్ళు.”

వరంగల్ నుంచి వచ్చిన పక్షుల క్లబ్బువాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పొద్దున్నే వ్యాను దిగి, ఒర్రె నీళ్ళ దగ్గర చలికాలానికి వలసొచ్చిన తోకాడించే పిట్టలను చూసి, పిచ్చుకల కోసం నర్సంపేట రోడ్డు పక్కనున్న ఈ జొన్నచేనుకు వచ్చారు. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరిన ముసలాడు వాళ్ళకు పిట్టను చూపిస్తాడట!

“గిజిగాడు పచ్చగుంటది కద తాతా?” అంది మేడం.

“గూళ్ళు కట్టేటప్పుడు. ఆ పనైనంక పచ్చదనం పోయి పిచ్చుకపెట్ట లెక్కనే అయితది. కండ్లు పోయినయ్ గని చెవులున్నయ్ నాకు. మొగ పిచ్చుకకు గొంతు కింద మసి ఉంటది. నీ దుర్బిన్ల జూసి చెప్పు, ఒక్కదానికన్న ఉన్నదా?”

మేడం చాలాసేపు చూసింది. “లేదు తాతా.”

“మరి నలభై ఆడయేనా? మొగోళ్ళంత యాడికి వోయిండ్రు, దుబాయికా?”

అందరూ పకపకా నవ్వారు. మేడం గిజిగాళ్ళనే రాసుకుంది.

గట్టు మీద కూర్చున్న రాయమల్లు అక్క మొగిలమ్మకు గర్వం, ఒళ్ళుమంట రెండూ ఒక్కసారే వచ్చాయి. గెలిచాడు సరే, ఏం గెలిచాడు? ఈ రోజు పిచ్చుకలు కనబడితేనే చేను ఉంచుతాననీ, లేకుంటే దున్ని మక్కజొన్న పెడతాననీ రాయమల్లు కొడుకు సదానందం ముందే చెప్పాడు.

“నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోతుండెరా?” అంది.

“లేని పిట్టలను రాయించుకొని ఏం జేసుకుంటనక్కా?”

వాడి బాధ ఆమెకు తెలియనిది కాదు. పన్నెండో ఏట మంచె ఎక్కి వడిసెల పట్టినవాడు. వాడు కూతేస్తే మూడు చేల అవతల పిచ్చుకలు లేచిపోయేవి. సద్ది మోసుకొచ్చిన మొగిలమ్మ కింద నిలబడి రాళ్ళు ఏరి అందించేది. తర్వాత జొన్న పోయి పత్తి వచ్చింది, పిచ్చుకలూ పోయాయి. వాటిని వెళ్ళగొట్టింది తన వడిసెలే అన్నట్టు, మూడేళ్ళుగా పది గుంటల భూమిలో జొన్న వేసి కంకి కోయకుండా వదిలేస్తున్నాడు. పిచ్చోడని ఊరంతా అంది. అందరికన్నా ముందు అన్నది మొగిలమ్మే.

సదానందం రానే వచ్చాడు. “లేవని నువ్వే తేల్చినవ్ గద నాయినా. రేపు ట్రాక్టర్ పిలుస్త.”

“గిజిగాడికి దొరికిన గింజ పిచ్చుకకు దొరుకదా? మేడమోళ్ళు మళ్ళ నెలకొస్తరు. అప్పటిదాంక చేన్ల ట్రాక్టర్ దిగిందంటే నా మీదికెళ్ళి తోలుకో.”

తండ్రి అన్నంత పనీ చేస్తాడని కొడుక్కి తెలుసు. “నెలనే. ఒక్కరోజు ఎక్కువ గాదు” అని వెళ్ళిపోయాడు.

వ్యాను కదిలాక రాయమల్లు తడుముకుంటూ వచ్చి అక్క పక్కన కూలబడ్డాడు. తెల్లవారితే వరంగల్ దవాఖానలో కంటి ఆపరేషన్. నెల దాకా దుమ్ములోకి పోవద్దన్నారు.

“అక్కా, రోజూ పొద్దుపొడుపుకు నువ్వే ఇక్కడ కూసోవాలె.”

“నేనా? కాకికీ కోడికీ తేడా తెలిస్తే చాలనుకునేదాన్నిరా నేను!”

“గొంతు కింద మసి ఉన్నదాన్నే లెక్కపెట్టు. మేడమొచ్చినప్పుడు నువ్వే చెప్పాలె. నా మీద జాలితోని ఒక్కటి గూడ ఎక్కువ చెప్పకు. సున్నైతే సున్ననే చెప్పు.”