గడ దించాక చెప్పే జవాబు

నరసాపురం రేవులో అతన్ని అందరూ ‘ఆయ్ పోతురాజు’ అనేవారు. చేపల గంపలైనా, పెళ్ళివారైనా, కచేరీ కాగితాలైనా వశిష్ఠ దాటాలంటే అతని పడవే గతి. ముప్పయ్యేళ్ళకే చుక్కాని పట్టాడు. నడి ఏట్లో ఇసుక మేట ఏ నెలలో ఎటు జరుగుతుందో అతనికి తెలిసినంతగా ఆ రేవులో ఎవరికీ తెలియదు. అయినా ఒడ్డు మీద ఎవరైనా గొంతు పెంచితే చాలు, ‘ఆయ్, అలాగేనండి’ అని నోట్లోంచి వచ్చేసేది. చేయి తాడు విప్పేసేది. ఆలోచన ఆ తర్వాత ఎప్పుడో నింపాదిగా వచ్చేది.

“నోరు నాదే కానండి, అరిచినోడి మాట వినేది” అన్నాడు, చిరిగిన వలకి ముడులు వేస్తూ. నాకు ఈ సంగతులు చెప్పేనాటికి అతనికి అరవై దాటాయి. మాటకీ మాటకీ మధ్య బరువు దించుకుంటున్నట్టు ఆగేవాడు. నేను తొందరపెట్టలేదు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన పాతికేళ్ళకి, ఒక వేసవి ఉదయం జరిగిందట. సముద్రానికి పాటు వచ్చి ఏట్లో నీరు తీసేస్తోంది. ఆ వేళ కదిపితే పడవ మేట మీద కూర్చుంటుంది. పోటు తిరిగేదాకా ఆగాలి. ఈలోగా బిళ్ళ బంట్రోతు ఒకడు వచ్చి, “ఏరా, దొరగారి కాగితాలు నీకోసం కాచుకుని కూర్చుంటాయనుకున్నావా?” అని కేకేశాడు.

“ఆయ్ అన్నానండి. అంతే.”

మధ్యాహ్నం దాకా మేట మీదే. నెత్తిన నీడ లేదు. పోతురాజు భార్య తలుపులమ్మ గంపతో సహా నాలుగు గంపల చేపలు కుళ్ళిపోయాయి. వాటి మధ్య అచ్చాయమ్మ అనే ముసలావిడ ముడుచుకుని కూర్చుంది. అవతల ఒడ్డున మంచం పట్టిన అక్కని చూడటానికి బయల్దేరిందావిడ. చేరేసరికి అక్కని కాటికి తీసుకుపోయారు. సాయంత్రం మళ్ళీ అదే పడవలో తిరిగివస్తూ, పోతురాజు మోచేయి తట్టి, “నీదేం తప్పులే నాయనా, అతగాడు అరిచాడు కదా” అందట.

“తిట్టినా బావుండేదండి.”

పడవా, రేవూ బుచ్చిరాజు గారివి. ఆయన పిలిపించి ఒకటే మాట అన్నారు: “ఇంకోసారి మేటెక్కించావా, చుక్కాని అప్పాజీకి ఇచ్చేస్తాను.” అప్పాజీ పోతురాజుకి మేనల్లుడు. పడవ ముందుభాగాన నిలబడి వెదురు గడ వేసి తోసేవాడు. చుక్కాని పోతే పోతురాజుకి ఆ ఊళ్ళో మిగిలేది, ఇంకొకడి వల లాగే చాకిరీ. మనిషని ఎవరైనా తనని లెక్కచేస్తే అది ఆ చుక్కాని కొయ్య వల్లే.

రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు తలుపులమ్మ ఊరుకోలేకపోయింది.

“బంట్రోతు అరిచాడు, విన్నావు. మరి ఏరేమంటోందో విన్నావా?”

“ఏరు అరవదు కదే.”

“అందుకే అడగాలి. ఎవడు కేకేసినా ముందు గడ నీళ్ళలోకి దించు. తడి ఎక్కడిదాకా వచ్చిందో చూడు. ఆ తర్వాతే నోరు తెరువు. ఈలోగా నీ కొంప మునగదు.”

చెప్పడమే కాదు, సాధకం కూడా చేయించింది. అతను వల ముడి వేస్తుంటే పెరట్లోంచి బంట్రోతులా, “ఏరా!” అని గావుకేక పెట్టేది. ముడి బిగించాకే పలకాలి. మొదట్లో కేక పూర్తికాకుండానే ఆయ్ అనేవాడు. కోళ్ళు గోడెక్కేవి. పక్కింటివాళ్ళు మొగుణ్ణి ఏరా అంటోందని ముక్కున వేలేసుకున్నారు. రేవులోనూ గడ దించి చూస్తూ నిలబడితే అప్పాజీ ఆటపట్టించేవాడు: “ఏంటి మావా, గడతో సంబంధం మాట్లాడుతున్నావా?”

“అరుపు వినగానే గుండె దడదడలాడేదండి. చెవులు కాలిపోయేవి. అది ఆగలేదండి, ఇప్పటికీ ఆగలేదు. చేతికి పని ఉండేసరికి నోటికి కాస్త తీరిక దొరికింది, అంతే.”

అలా ఎనిమిది నెలలు. ఆపైన ఒకనాడు బుచ్చిరాజు గారే ఇంటిల్లిపాదితో పెళ్ళికి బయల్దేరి రేవుకొచ్చారు. అప్పటికే పాటు చాలా తీసేసింది. పోతురాజు గడ దించాడు. తడి మోకాలికి నాలుగు వేళ్ళు తక్కువ. పడవ మేట దాటాలంటే రేవులో మోకాలి లోతైనా ఉండాలి.

“ఇప్పుడు కాదండి బాబుగారండి. పోటు తిరగాలండి.”

“ముహూర్తం దాటిపోతుందిరా! తియ్యి పడవ!”

ఆయ్ నాలుక చివరిదాకా వచ్చింది. మళ్ళీ గడ దించాడు. మళ్ళీ నాలుగు వేళ్ళు తక్కువే.

“నీళ్ళు లేవండి.”

“పడవ ఎవరిదిరా?”

“పడవ మీదేనండి. నీళ్ళు లేవండి.”

“దిగు. అప్పాజీ, చుక్కాని నువ్వు పట్టు. ఇవాళ్టి నుంచి నీదే.”

పోతురాజు దిగిపోయాడు. పడవ వెళ్ళింది. మేట దగ్గర ఒకసారి అడుగు రాసుకుని ఆగింది. అప్పాజీ దూకి భుజంతో తోశాడు. కదిలి అవతలికి చేరిపోయింది. ముహూర్తానికి అందుకున్నారు కూడా. రేవులో గంపలు కడుగుతున్న ఆడవాళ్ళు, “నీ గడకి చత్వారం వచ్చిందయ్యో!” అని నవ్వారు.

ఇంటికి వెళితే తలుపులమ్మ అడిగింది, “తప్పయిందా?”

“తప్పేనేమో. నేననుకున్నదానికన్నా మేట మీద రెండు వేళ్ళు ఎక్కువే ఉన్నాయి నీళ్ళు.”

“మరి?”

“మరేముంది. అన్నం పెట్టు.”

తిన్నాడు. మర్నాడు పొద్దున్నే రాజుగారి లోగిలికి వెళ్ళి నిలబడ్డాడు. అప్పాజీ చేతిలో చుక్కాని ఉండనివ్వండి, ముందుభాగాన గడ వేసే పని నాకివ్వండి అని అడిగాడు.

“మేనల్లుడి కింద పని చేస్తావా? సిగ్గులేదట్రా!” అని ఆయన గట్టిగా అరిచారట.

“అక్కడ గడ లేదు కదండి. కాలి బొటనవేలు నేలకి నొక్కిపెట్టి ఆగాను. ఆగాకే చెప్పాను. చేస్తానండి. కాని నీళ్ళు లేవని నేనంటే పడవ ఆగాలండి, మీరున్నా సరేనండి అన్నాను.”

పడవ మేటకి రాసుకున్నప్పుడు పిల్లలు ఎలా కెవ్వుమన్నారో రాజుగారికీ గుర్తుండే ఉంటుంది. “చూద్దాంలే, పో” అన్నారు.

పోతురాజుకి చుక్కాని మళ్ళీ రాలేదు. చుక్కాని పట్టేవాడు కూర్చుంటాడు, గడ వేసేవాడు రోజంతా నిలబడాలి. అలా ఇరవయ్యేళ్ళు నిలబడ్డాడు. కుడిభుజం ఒరుసుకుపోయి కాయ కాసింది. ఎప్పుడైనా దిగులు పడ్డావా అని అడిగాను.

“పడ్డానండి. అలసిపోయిన రోజున పడతానండి ఇప్పటికీ.”

గడ పట్టిన నెల్లాళ్ళకి రాజుగారు మళ్ళీ పడవెక్కారు. వెనకనుంచి అప్పాజీ అడిగాడు, “ఏంటి మావా, వెళ్దామా?”

పోతురాజు గడ దించి తీశాడు. తడి చూశాడు. జరీ కండువా భుజాన సర్దుకుంటూ రాజుగారు గట్టిగా దగ్గారు. అతను తల తిప్పలేదు.

“ఇప్పుడు కాదు. తాడు కట్టు.”

అప్పాజీ రాజుగారి వైపు చూశాడు. ఆయన గొడుగు విప్పుకుని, పోటు కోసం పడవలోనే కూర్చున్నారు.