ఏసోబు మామకు నేను చదివిన గడువు

చర్చిలో సంఘం ముందు బైబిలు వాక్యం చదవడానికి లేచిన ప్రతిసారీ ఒక్కో మాటను రెండుసార్లు చూసుకుంటాను. వయసు వల్ల అనుకుంటారు. కాదు. ఎప్పుడో నేను చదివిన ఒక అబద్ధం వల్ల. ఇన్నేళ్లు మోశాను. ఇవాళ నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు మనవడా.

అప్పుడు మాది గద్వాల అవతల, తుంగభద్ర ఒడ్డు. ఇటు నిజాం రాజ్యం, అటు ఇంగ్లీషువాళ్లది. మా వాడలోని ఏసోబు మామకు అవతలి ఒడ్డున ఉండే బావమరిది ఒక పడవ ఇచ్చాడు. పరరాజ్యం పడవ సుంకం లేకుండా మా దగ్గర ఉండాలంటే, గడువు లోపల దాన్ని అవతలికి తీసుకుపోయి, అక్కడి సుంకం నాకాలో ముద్ర వేయించుకుని రావాలి. దాటితే జప్తు. గడువు కాగితం ఉర్దూలో ఉండేది. మా వాడలో ఉర్దూ చదవగలిగింది బడి పంతులునైన నేనొక్కణ్నే.

ఆ ఆదివారం సంఘంలో కోత పండుగ. పెద్ద కూటంలో మొదటిసారి నేను వాక్యం చదవాలి. ఎగువ పల్లెల జనం మామ పడవలోనే రావాలి. గురువారం పొద్దున మామ నడుముగుడ్డలోంచి కాగితం తీశాడు.

"అల్లుడా, గడువు ఎప్పటిదాకుందో జర సూడు. ఆడ ముద్ర కోసం రెండు మూడు దినాలు కూసోబెడ్తరు."

శనివారం అని ఉంది. స్పష్టంగా చూశాను.

"ఇంక ఎనిమిది దినాలుంది మామా. పండగైనంక పో."

"నిజమేనా? మీ అత్త ఒకటే పరేషాన్ అయితుంది."

"నేను సదివినా నమ్మవా?"

నవ్వాడు. "వాక్యం సదివే నోరు. నమ్మకుంటె ఎట్ల?"

ప్రభువు పని కోసమే కదా అనుకున్నాను. నిజంగా ఆయన కోసమేనా? నా గొంతు వినే జనం తగ్గుతారని కాదూ?

ఆదివారం పడవ నిండా జనం వచ్చారు. బాగా చదివానన్నారు. సోమవారం మా ఒడ్డు నాకా జవాన్లు పడవకు గొలుసు వేశారు.

"మా పంతులు ఎనిమిది దినాలన్నడు సాబ్" అని మామ నన్ను చూపించాడు. నాకా సాబు నా వైపు తిరిగాడు. పక్కనే సంఘ పెద్దలు.

"శనివారమనే చెప్పిన" అన్నాను.

ఎవరూ అనుమానించలేదు. అది కాదు నన్ను తినేది. మామ కూడా అనుమానించలేదు. "అయితే నాకే యాదిలేదేమో" అన్నాడు.

పడవ పోయాక మామా అత్తా ఇద్దరూ తెలకపల్లి వైపు కూలికి వెళ్లిపోయారు. మరుసటేడు ఒప్పుకోవాలని బయల్దేరాను. దారి పొడుగునా ప్రార్థన చేస్తూ, చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ, నాగర్‌కర్నూల్ దాటేసరికి వాటన్నిటినీ మరిచిపోయి, మళ్లీ మొదటినుంచి కూర్చుకుంటూ నడిచాను. మామ ఎవరిదో చేలో పల్లికాయ పీకుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని వచ్చాడు. అదే నడుముగుడ్డలోంచి ఇంకో కాగితం తీశాడు.

"మంచిగొచ్చినవు అల్లుడా. పటేలు వేలిముద్ర ఏపిచ్చుకుండు. అప్పుకు ఎన్నొద్దులు పని చెయ్యాలనుందో సదువు. నువ్వైతే సరిగ్గ సదువుతవు."

చదివాను. ఒక్క మాట వదలకుండా, రెండుసార్లు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. అతను నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని పగలగొట్టలేక కాదు. అబద్ధగాడిగా అతని ముందు నిలబడలేక.

మామ ఇప్పుడు లేడు. క్షమించగలిగినవాడు లేడు. ప్రభువు క్షమిస్తాడని సంఘానికి చెబుతాను, నా విషయంలో అడగడానికే భయం. ఒక్కటే చేయగలను, ఆ పడవ కాగితాన్ని ఇప్పుడైనా సరిగ్గా చదవగలను.

శనివారం, మామా. అందులో రాసి ఉన్నది శనివారం.