ఒట్టు వేయించుకోని మేడం

ఎండాకాలం వస్తే మునిగుడలో మా గోదాం నిండా ఇప్పపువ్వు బస్తాలే. ఎండిన ఇప్పపువ్వు వాసన తియ్యగా, బరువుగా, కాస్త పులిసినట్టు ఉంటుంది. ఒక్క బస్తా మూతి విప్పితే చాలు, నాలుగు గోడల మధ్య ఇంకేమీ ఉండదు, ఆ వాసన తప్ప. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఒడిశాకి వచ్చి పెట్టిన అడవి సరుకు వ్యాపారం మాది. వాసన గిట్టదంటే కుదరదు. ఆ రోజుల్లో కొట్లో పనివాళ్ళు నన్ను లోపలికి రానివ్వరు. "మీరు గల్లా దగ్గర కూసోండి బాబూ, మేం సూసుకుంటాం" అంటారు. నా పాత సంగతి వాళ్ళకి తెలుసు, మళ్ళీ నాలిక లాగుతుందేమోనని భయం. పిచ్చివాళ్ళు! ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది ఆ పువ్వుతో కాచే సారా కాదు, మా కెమిస్ట్రీ మేడం వరహాలమ్మగారు. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది.

రాయగడలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివాను. చదివానంటే అదొక మాట. మేడం పొట్టిగా, గట్టిగా ఉండేవారు. యాసిడ్ పడుతుందని చీర కింద కాన్వాస్ బూట్లు వేసుకునేవారు, దానికి మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం. విజయనగరం వైపు మనిషి. ఒడియా పిల్లలతో అచ్చు ఒడియావాళ్ళలాగే మాట్లాడి, మావైపు తిరిగితే మాత్రం ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేవారు. భర్త కాగితం మిల్లులో పనిచేసి చనిపోయారనీ, జేకేపూర్‌లో ఒక్కరే ఉంటారనీ తెలుసు. అంతకు మించి మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

ల్యాబులో బ్యూరెట్ పట్టుకుని ఒక్కొక్క చుక్కా వదలాలి. పొద్దున్న పూట నా చేతులు వణికేవి. చుక్క వదలబోతే ధార పడేది. ఓ పది నిమిషాలు బయటికి వెళ్ళొస్తే చేతులు రాయిలా నిలబడేవి. హాస్టల్ వెనక సందులో ఓ సీసా దాచుకునేవాణ్ణి, అదీ మందు. ప్లస్ టూలో సరదాగా మొదలైన తాగుడు, అప్పటికి పొద్దున్నే పళ్ళు తోముకోవడంకంటే ముందు జరిగే పని అయిపోయింది. ఓ వానాకాలం ఉదయం అలా వెళ్ళొచ్చి బ్యూరెట్ దగ్గర నిలబడ్డాను. మేడం నా పక్కన ఆగి గాలి పీల్చారు. "ఏటి బాబూ, ఇది ఇప్పపువ్వు కాలం కాదు గదా" అన్నారు, నాకు మాత్రమే వినపడేట్టు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక తన గదికి రమ్మన్నారు. వెళితే వేరుశనక్కాయలు ఇచ్చి, తాగకపోతే చేతులు ఎలా ఉంటాయి, నిద్ర పడుతుందా, అన్నం సయిస్తుందా అని డాక్టర్ అడిగినట్టు అడిగారు. కోరాపుట్‌లో దీనికి వైద్యం ఉంది, నేను తీసుకెళ్తాను రా అన్నారు. రేపన్నాను. ఆ రేపు అలా వారాల తరబడి సాగింది.

ఈలోగా వార్డెన్ మా నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. నాన్న వచ్చి, అందరి ముందూ చెంప పగలగొట్టి, మునిగుడ లాక్కుపోయాడు. కార్తీకమాసం దగ్గరికొచ్చింది కదా, మా వాళ్ళకి తెలిసిన వైద్యం ఒకటే, అయ్యప్ప మాల. మా కోమట్లలోనే కాదు, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో తాగే మగాడున్న ప్రతి ఇంటికీ అదే ఆశ. మాల వేసుకుంటే మండలం రోజులు ముట్టడు, ఆ తర్వాత స్వామి దయ. చాలామంది మాల తీసిన సాయంత్రమే సారా కొట్టుకి పోతారు, అది వేరే సంగతి. తెల్లారకట్ల చన్నీళ్ళు పోసి, నల్లబట్టలు కట్టి, గురుస్వామి నా మెడలో మాల వేశాడు. ఆ క్షణం నుంచి మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "స్వామీ" అంది. ఆ పిలుపు విని, నిజంగానే మానేస్తానని అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం భజనలో కూర్చున్నాను. చేతులు వణకడం మొదలై మోచేతులదాకా పాకింది. ఒళ్ళంతా చెమట. గోడ మీద చీమలు బారులు తీరి నా వైపు వస్తున్నట్టు కనిపించాయి. గట్టిగా అరిచాను. భజన ఒక్కసారి ఆగిపోయింది. గురుస్వామి లేచి, "స్వామి ఒంటి మీదికొచ్చేడు" అన్నాడు. అంతే, శరణుఘోష ఇల్లు ఎగిరిపోయేలా మొదలైంది. ఆడవాళ్ళు హారతి పట్టారు. తన పిల్లాడి పరీక్ష సంగతి చెప్పమని ఒకావిడ నన్ను అడిగింది. మా అమ్మ నా కాళ్ళ మీద పడి, వణుకుతున్న ఆ కాళ్ళని కళ్ళకద్దుకుంది. నేను చచ్చిపోతున్నానని నాకు తెలుస్తోంది. నోరు తిరగడం లేదు. నా చుట్టూ అంతమంది సంతోషంగా ఏడుస్తున్నారు.

నేను కాలేజీకి ఎందుకు రావట్లేదని అంతకు ముందే వాకబు చేసిన మేడంకి మా నాన్న సంబరం పట్టలేక ఫోన్ చేశాడట, ఇంక మీరేమీ దిగులు పడొద్దు, మాల వేయించేసేం, స్వామి కూడా పలికేడు అని. ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న, తాగి ఎన్ని గంటలైందని. మర్నాడు పొద్దున్న దొరికిన మొదటి రైలుకి మునిగుడలో దిగి, ఆ కాన్వాస్ బూట్లతోనే నేరుగా పూజగదిలోకి వచ్చేశారు. నా కనురెప్ప ఎత్తి చూసి, వెంటనే ఆసుపత్రికి పదండి అన్నారు. మాలలో ఉన్నవాణ్ణి ఆసుపత్రికి ఎలా తీసుకెళ్తాం, అక్కడ మైల ఉంటుంది, మాల తీస్తే అరిష్టం అని నాన్న అడ్డం నిలబడ్డాడు. అప్పుడు మేడం చేతులు జోడించారు.

"మాల తియ్యొద్దండి, మాలతోటే తీసుకెళ్దాం. స్వామి కూడా మనతోటే వస్తాడు. తప్పేటి? ఇది పూనకం కాదు. సారాకి అలవాటైన ఒళ్ళు, ఒక్కసారి మానిపిస్తే ఇలాగే అవుతాది. ఆలస్యమైతే మనిషి దక్కడు."

ఆవిడ మాట పూర్తవుతుండగానే నాకు మూర్ఛ వచ్చింది. నాకేమీ గుర్తులేదు. నాన్నే నన్ను భుజాన వేసుకుని జీపు దాకా పరిగెత్తాడట. మునిగుడలో ఇంజెక్షన్లు ఇచ్చి రాయగడ పంపారు. మెలకువ వచ్చేసరికి మాల నా మెడలోనే ఉంది. నాన్న మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి ఏడవడం అదే మొదటిసారి చూశాను.

ఆ తర్వాత నెలల తరబడి కోరాపుట్ పెద్దాసుపత్రికి తిరగాలి. రాయగడ నుంచి కోరాపుట్ రైలు సొరంగాల్లోంచి పోతుంటే మేడం చీకట్లో కూడా మాటలాపేవారు కాదు. ఆసుపత్రిలో అసలు చిక్కు వైద్యం కాదు, బయట బెంచీ. మనసు జబ్బుల డాక్టరు గది ముందు వరసలో కూర్చోవాలి. కోరాపుట్ బజార్లో మా వాళ్ళ కొట్లు ఎన్నో, అందులో ఎవడో ఒకడు జ్వరానికో దెబ్బకో వచ్చి చూస్తాడు, సాయంత్రానికి ఆ కబురు మునిగుడ చేరుతుంది. మొదటిసారి ఆ బెంచీ చూసి నేను గేటు దగ్గరే ఆగిపోయాను. మేడం వెళ్ళి తన పేరున చీటీ తీసుకుని, తనే వరసలో కూర్చుని, చేతిసంచీ నా చేతికిచ్చారు. చూసినవాళ్ళకి ఆవిడ రోగి, నేను తోడు వచ్చినవాణ్ణి. "వరహాలమ్మ" అని పిలిస్తే ఆవిడ లేచేవారు, వెనకే నేను. లోపల డాక్టరుకి సంగతి తెలుసు. ఇలా ఎందుకండీ అని నేనంటే, నాకూ నిద్ర పట్టదు కదా బాబూ, అబద్ధమేటీ లేదు అని నవ్వేసేవారు.

ఊరు ఊరుకుంటుందా? కెమిస్ట్రీ మేడంకి మతి చెడిందన్న మాట కాలేజీకి పాకింది. యాసిడ్ సీసాల మధ్య అలాంటి మనిషిని ఉంచవచ్చా అని ఎవరో పైకి ఫిర్యాదు కూడా చేశారట. ఆవిడ ఖండించలేదు. నాకంటే ముందూ, నా తర్వాతా ఇంకెంతమంది కోసం ఆ బెంచీ మీద కూర్చున్నారో, వాళ్ళెవరో, ఆవిడ నాకెన్నడూ చెప్పలేదు.

మధ్యలో ఓసారి నేను జారిపోయాను. దసమంతపూర్‌లో స్నేహితుడి అన్న పెళ్ళికి వెళ్ళి, అక్కడ తాగాను. సిగ్గుతో మేడంకి కనిపించకుండా వారం రోజులు తిరిగాను. చివరికి గదికి వెళ్ళి, మా అమ్మ మీద ఒట్టు మేడం, ఇంక ముట్టను అన్నాను. ఆవిడకి నిజంగా కోపం రావడం ఆ రోజే చూశాను. కాలేజీలో ఏటా పిల్లలందర్నీ మైదానంలో నిలబెట్టి, చేతులు చాపించి, మత్తు జోలికి పోమని ప్రమాణం చేయించేవారు. మేడం ఒక్కరే చెయ్యి చాపకుండా గొడుగు పట్టుకుని నిలబడేవారు. అదెందుకో అప్పుడు తెలిసింది.

"నాకొద్దు నీ ఒట్టు. ఒట్టేయించుకోడం సులువు బాబూ. ఒట్టు తప్పినోడు మల్లీ మొహం సూపించడు. తాగినా సరే, మానినా సరే, నువ్వు నాకు మొహం సూపించాల."

తర్వాత తన భర్త సంగతి చెప్పారు. ఆయన చేత కూడా ఒట్టు వేయించారట, పసుపు కుంకుమల మీద. ఒట్టు నిలబెట్టుకోవడానికి సాయం చేద్దామని గదిలో ఉంచారట. "తాళం నేనే ఏసేను. లోపల్నుంచి అరుస్తుంటే తాగడానికి అరుస్తున్నాడనుకున్నాను. అరుపులు ఆగితే, దార్లోకొచ్చేడనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను." అంతవరకే చెప్పి, నీ మందులు అయిపోయాయా, ఎప్పుడెళ్దాం అని అడిగారు. ఆ మాట విన్నాక నేను ఎవరి చేతా ఒట్టు వేయించుకోలేదు, నా పిల్లల చేత కూడా.

ఆవిడ పోయిన పదోరోజు కర్మకి జేకేపూర్ వెళ్ళాను. నాకు ముక్కూమొహం తెలియనివాళ్ళు చాలామంది వచ్చారు. మేడం స్టూడెంట్లం అన్నారు, అంతకు మించి ఎవరూ ఎవర్నీ అడగలేదు. భోజనాల దగ్గర ఆవిడ బంధువు ఒకాయన, పాపం చివర్లో మతి సరిగా ఉండేది కాదట, కోరాపుట్ ఆసుపత్రికి తిరిగేదట అని జాలిపడ్డాడు. విస్తరి ముందు నుంచి లేచేశాను. "ఆ జబ్బు నాదండీ, ఆవిడది కాదు" అన్నాను. నాలాగే ఇంకో ఇద్దరు విస్తళ్ళ ముందు నుంచి లేచారు. ఆవిడ బతికుండగా ఆ మాట ఎవరమూ అనలేకపోయాం.

మొన్నీమధ్య నేను కూడా కోరాపుట్ వెళ్ళి ఆ వరసలో కూర్చున్నాను, నా పేరున చీటీ తీసుకుని. నా సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డది కాలేజీలో చదువుతున్న ఒకరు, మాకు బాగా కావలసినవాళ్ళ ఇంటి పిల్ల. ఇంతకంటే ఇక్కడ కూడా చెప్పను. అనుకున్నట్టే ఎవరో చూశారు. నేను ఇంటికి చేరేసరికి మా అమ్మ వీధరుగు మీద కూర్చుని ఉంది. లోపలికి వచ్చాక తలుపు వేసి, నా మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది.

"మల్లీ మొదలెట్టేసేవేట్రా నాన్నా?"

లేదమ్మా అన్నాను. మరి ఆ డాక్టరు దగ్గర నీకేం పని అంది. సంచీ కొక్కేనికి తగిలించాను. మా అమ్మ బంగారం, కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నాకోసం కాదని తెలిస్తే, ఎవరికోసమో తేలడానికి ఒక పూట చాలు. నా సంగతి నాది కనక జేకేపూర్‌లో అందరి ముందూ చెప్పగలిగాను. ఇది నాది కాదు. అమ్మ నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "అయితే తాగలేదని నా మీద ఒట్టేసి సెప్పు" అంది. తల వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి, నా వల్లే సగం. నేను మెల్లగా చెయ్యి తీసేసుకున్నాను. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పక్కన కూర్చున్నాను.